ఓడలో తడి చూసిన రోజు

నేను ఒక సైనిక అంతరిక్ష నౌకలో దాదాపు రెండు నెలలు పనిచేశాను. అది తాడేపల్లిగూడెంలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వేకి దగ్గరగా, మూతపడిన ఒక బియ్యం గోడౌనులో ఉండేది. అది ఎప్పుడూ ఎగరలేదు. ఎగరడానికి కట్టింది కాదు. తెలుగులో అంతరిక్ష యుద్ధం సినిమా తీద్దామని హైదరాబాదు నుంచి వచ్చిన ఒక చిన్న కంపెనీ, అంత ఎత్తు గోడౌను ఇంకెక్కడా దొరక్క, అక్కడ సెట్టు వేసింది. ఆ నౌక ఎలా తయారైందో, లోపల ఏం జరిగిందో చూపించే డాక్యుమెంటరీ తీసే పని నాకు ఇచ్చారు.

అప్పటికి ఏలూరులో విలేకరిగా నా జుట్టు సగం నెరిసింది. కలెక్టరేట్ దగ్గర ధర్నాలు, కాలవ గండ్లు, మగ్గం ఆపేసిన తివాచీ నేతగాళ్లు, కొల్లేరులో చేపల చావు. ఏది తీసినా రెండు నిమిషాలే. అందులో సగం యాంకరమ్మ మాటలు. నలభై నిమిషాలు నా చేతికి ఇచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఈ ఒక్కటి బాగా తీస్తే నన్ను వేరేగా చూస్తారని నమ్మాను. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసినదానికి వేరే కారణమేమీ లేదు.

నౌక పొట్టభాగం దగ్గర పని ఆగిపోయింది. ఆర్ట్ డైరెక్టరు ముప్పై ఏళ్ల కుర్రాడు, నిద్రలేక కళ్లు పీక్కుపోయి ఉండేవి. "ప్లైవుడ్ వంచితే విరిగిపోతోందండీ. చెక్కని గుండ్రంగా తిప్పగలిగే పనివాళ్లు మీవైపు ఉన్నారా?" అని అడిగాడు.

"మా మేనమామ పడవలు కట్టేవాడు" అన్నాను.

కట్టేవాడు అన్నమాట నిజమే. మావయ్యది మండవల్లి అవతల, కొల్లేరు అంచున ఒక లంక ఊరు. ఫైబరు పడవలు వచ్చాక ఆయన చేత చెక్క పడవ కట్టించుకున్నవాడు లేడు. బాడిత, ఉలులు, చిత్రిక అన్నీ గోనెసంచిలో చుట్టి అటకెక్కించి, ఒక చేపల చెరువు మీద కాపలా పనికి కుదిరాడు. పొద్దస్తమానం గట్టు మీద డబ్బా వాయించి పక్షుల్ని తోలడం ఆ పని. నా చిన్నప్పుడు సెలవులకి వెళితే, ఆయన చెక్కిన చెక్కపొట్టు మీద పడుకుని నిద్రపోయేవాణ్ణి. అలాంటి మనిషి డబ్బా వాయించడం చూడలేక నేను ఆ ఊరు వెళ్లడమే తగ్గించాను. అది నా మొదటి తప్పు అనుకుంటాను.

కబురు చేస్తే మావయ్య, అత్తయ్య గోనెసంచితో సహా దిగారు. ఆర్ట్ డైరెక్టరు గీసిన బొమ్మని మావయ్య చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ నీళ్లలో తిరుగుద్దండీ?"

"నీళ్లలో కాదండీ, ఆకాశంలో. నక్షత్రాల మధ్య."

"అయితే నీళ్లు లోపలికి వస్తాయన్న భయం లేదన్నమాట."

ఆ కుర్రాడికి తన నౌక అంటే ప్రాణం. ఎవరైనా అడిగితే చాలు, అది నిజంగా ఉన్నట్టే చెప్పేవాడు. "నీళ్ల భయం లేదు గానీ గాలి భయం ఉందండీ. బయట గాలి ఉండదు. లోపలున్న గాలి బయటికి పోకూడదు. ఎక్కడ చిన్న సందున్నా లోపలున్న సైనికులంతా చచ్చిపోతారు."

మావయ్య తల ఊపాడు. "అలాగైతే సందు ఉండదండీ" అన్నాడు. ఆ తల ఊపడం నా కెమెరాలో ఉంది. అప్పుడది నాకు సరదాగా అనిపించింది.

పని మొదలైంది. పక్కటెముకల్లాగ వంపు తిప్పిన చెక్కలు నిలిచాయి. వాటి మీద పలకలు పడ్డాయి. సందు సందుకీ దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. గోడౌనంతా ఆ వాసనే. బయటినుంచి చూస్తే వెండి రంగు యుద్ధనౌక, లోపలికి వెళితే మా లంక ఊరి పడవల రేవు. సినిమాకి ఇవేవీ అక్కర్లేదని పెయింటర్లు నవ్వుతుంటే, "మీకు అక్కర్లేకపోతే పోనివ్వండి, లోపలుండే మిలట్రీవాళ్లకి కావాలి కదండీ" అనేవాడు. అందులో ఎటకారం ఎంతో, నిజం ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

చెప్పులతో నౌక ఎక్కనిచ్చేవాడు కాదు. భుజాల మీద నక్షత్రాలు పెట్టుకున్న సేనాధిపతి కూడా బూట్లు గుమ్మం దగ్గర విడిచి, లోపలికెళ్లి మళ్లీ తొడుక్కునేవాడు. ఆ నటుడు సరదా మనిషి. రోజూ మావయ్యకి సెల్యూట్ కొట్టి, "ఓడ సిద్ధమేనా అండీ?" అనేవాడు. "ఇంకా తడి చూడలేదండీ" అని మావయ్య. అదేమిటో ఆయన అడగలేదు. నాకు తెలుసు కాబట్టి నేనూ వివరించలేదు.

మావయ్య ముఖం మారింది. డబ్బా వాయించినప్పుడు వంగిపోయిన భుజాలు లేచాయి. కథలో శత్రువుల నౌక ఇంకొకటి ఉంది. దీనికంటే పెద్దది. దాన్ని కూడా ఆయన చేతే కట్టిస్తానని ఆర్ట్ డైరెక్టరు అన్నాడు. ఆరోజు భోజనాల దగ్గర అత్తయ్య పులుసు వడ్డిస్తుంటే మావయ్య నాతో, "ఆ రెండోది కూడా నా చేతికొస్తే, ఒరే అల్లుడూ, బాడిత ఇంక అటకెక్కదు. ఆ డబ్బా వాళ్ల చెరువులోనే పారేసి వచ్చేస్తాను" అన్నాడు.

"ముందు ఇది ఎగరనీ" అంది అత్తయ్య.

"ఎగరదే పిచ్చిదానా, అది సినిమా."

"మరి సందులకి అంత దూది ఎందుకు కూరుతున్నావు?"

మావయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

తడి చూడటం గురించి చెప్పాలి. మా మావయ్య వాళ్ల ఇంట్లో పడవ పూర్తయితే, దాన్ని నీళ్లలో దింపడానికి ముందు, దాంట్లోనే నీళ్లు పోస్తారు. పడవని చెక్క దిమ్మల మీద ఎత్తిపెట్టి, తెల్లవారుతుండగా భార్య బిందెలు తెచ్చి అందిస్తే భర్త లోపల పోస్తాడు. నీళ్లు నిలకడకి వచ్చేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత మేస్త్రి పడవ చుట్టూ తిరిగి, ప్రతి సందునీ అరచేత్తో తడిమి చూస్తాడు. చెయ్యి పొడిగా ఉంటేనే పడవ ఇస్తాడు. నా చిన్నప్పుడు ఒకసారి మధ్యలో తుమ్మితే అత్తయ్య నా నోరు చేత్తో మూసేసింది.

పొట్టభాగం పూర్తయిన రోజు మావయ్య, అత్తయ్యకి కళ్ల పరీక్ష చేయించడానికి ఏలూరు వెళ్లాడు. కరెంటు పని రెండు రోజుల తర్వాత అనుకున్నారు. కానీ ఎలక్ట్రీషియను ఆ సాయంత్రమే వచ్చి, అడుగు పలకలు లేపి, పొట్టలోపల దీపాల వైర్లు, చిన్న చిన్న పెట్టెలు బిగించి, పలకలు మళ్లీ కొట్టేశాడు. నేను అదంతా చిత్రీకరించాను. వెళ్తూ వెళ్తూ అతను, "సార్, పెద్దాయన వస్తే చెప్పండి, కింద వైర్లు పరిచేశామని. ఆయన ఏదో నీళ్లు పోస్తానంటున్నాడు" అన్నాడు.

"చెబుతాను, చెబుతాను" అన్నాను.

మావయ్యవాళ్లు ఏలూరు నుంచి వచ్చేసరికి నేను గదికి వెళ్లిపోయాను. పొద్దున్నే చెబుదామనుకున్నాను.

తెల్లవారుజామున గోడౌను రేకుల సందుల్లోంచి పడే వెలుగు కోసం కెమెరా పట్టుకుని వచ్చాను. వచ్చేసరికి మావయ్య స్నానం చేసి, తడి తలతో నౌక మీద నిలబడి ఉన్నాడు. నీళ్లు పోయడానికని ముందే వదిలిన చిన్న కంతకి మూత తీసి ఉంది. నౌక ముక్కుకి పసుపు రాసి ఉంది. అత్తయ్య బోరు దగ్గరనుంచి బిందె చంకనెత్తుకుని వస్తోంది. వెనక పొడుగ్గా, వెండి రంగులో, తుపాకీ గొట్టాలతో యుద్ధనౌక. నా జీవితంలో అంత మంచి దృశ్యం నా కెమెరా ముందుకు రాలేదు.

మెయిన్ స్విచ్ ఆపి ఉందా అని ఒకసారి చూశాను. ఆపే ఉంది. ప్రాణానికి ఏమీ కాదు. అంతవరకు ఆలోచించాను, అంతే. కెమెరా స్టాండు నౌక కింది దిమ్మల పక్కన కిందుగా పెట్టి, బటన్ నొక్కాను.

మొదటి బిందె పడకముందు ఒక్కమాట అంటే సరిపోయేది. "మావయ్యా, ఆగండి" అంటే చాలు. తడి చూసేటప్పుడు మాట్లాడకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఇంటి ఆచారం నా నోటికి అంత సులువుగా అడ్డం వచ్చింది. రెండో బిందె, మూడో బిందె. లోపల నీళ్లు పలకల్ని తాకుతున్న చప్పుడు ఎంత బాగుందో. నేను మైకు ఇంకాస్త దగ్గరికి జరిపాను.

చాలా బిందెలు పడ్డాయి. నీళ్లు నిలకడకి వచ్చాయి. మావయ్య దిగి, అరచెయ్యి పంచెకి తుడుచుకుని, మొదటి సందు మీద పెట్టబోతుండగా ఎలక్ట్రీషియను వచ్చి కేక పెట్టాడు.

తర్వాత అంతా గోల. ఆర్ట్ డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. సైనికుల వేషాల్లో ఉన్న నటులు టీ గ్లాసులతో చుట్టూ చేరారు.

"ఏం చేశారండీ! ఆకాశంలో ఎగిరేదాంట్లో నీళ్లెందుకు పోశారు?"

"తమరే కదండీ, గాలి బయటికి పోకూడదన్నారు" అన్నాడు మావయ్య. "గాలిని పోసి చూడలేం కదండీ. నీళ్లు ఆగితే గాలి కూడా ఆగుద్దని..."

నవ్వులు. ఆ నవ్వులు కూడా నేను తీశాను. ఎవరో, "మేస్త్రి గారూ, చంద్రుడి మీద చేపలు పడతారేంటండీ" అన్నాడు. నీళ్లు తొందరగా పోవాలని ఒకతను డ్రిల్ తెచ్చి పొట్టకి అడుగున, ముక్కు వైపు నాలుగు చోట్ల రంధ్రాలు చేశాడు. అది దిగుతున్నంతసేపు మావయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎలక్ట్రీషియను నావైపు చూశాడు. నేను కెమెరా తెరలోకి చూశాను. అతను మంచివాడో, మొహమాటస్థుడో, నోరు తెరవలేదు.

షూటింగు కొన్నాళ్లు ఆగింది. రెండో నౌక థర్మోకోల్‌తో చేసేవాళ్లకి వెళ్లింది. మావయ్య పనిముట్లు మళ్లీ గోనెసంచిలో చుట్టుకున్నాడు. బస్టాండుకి నేనే దిగబెట్టాను. దారి పొడుగునా ఆయన ఒకే మాట అన్నాడు: "చెయ్యి పెట్టి చూడనివ్వలేదురా."

తర్వాత సినిమా మొత్తానికే ఆగిపోయింది గానీ నా డాక్యుమెంటరీ ఆగలేదు. ఆ తెల్లవారుజాము దృశ్యం, ఆ జవాబు, ఆ నవ్వులు కలిపి పెట్టిన భాగాన్ని జనం ఫోన్లలో పంపుకున్నారు. మనిషి కథ పట్టుకున్నారని నన్ను మెచ్చుకున్నారు. ఊళ్లో మావయ్యని "చందమామ మేస్త్రి" అని పిలుస్తున్నారని తెలిసింది. నాకు వచ్చిన మెచ్చుకోళ్లని నేను కాదనలేదు.

కొన్ని నెలల తర్వాత పాత డిస్కు ఖాళీ చేద్దామని తీసిందంతా మొదటినుంచి చూస్తున్నాను. ఎలక్ట్రీషియను గొంతు వినిపించింది. వెంటనే నా గొంతు: "చెబుతాను, చెబుతాను." రెండుసార్లు. బస్సు కండక్టరుకి టికెట్టు తీసుకుంటాన్లే అన్నట్టు, అంత తేలిగ్గా. ఎడిటింగులో అది కత్తిరించింది నేనే. ఎందుకు కత్తిరిస్తున్నానో అప్పుడు కూడా తెలుసు. వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాను. మూడోసారి వినలేకపోయాను.

మర్నాడు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మండవల్లి బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. రెండువైపులా చెరువులే, మధ్యలో గట్టు. దూరంనుంచే డబ్బా చప్పుడు వినిపించింది.

చెరువు గట్టు మీది పాకలో అత్తయ్య ఉంది. పుట్టినప్పటినుంచి నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి, "రండి అల్లుడుగారూ, కూర్చోండి. కెమెరా తేలేదేవండీ? మేం ఇక్కడ ఇంకా చాలా తప్పులు చేస్తున్నాం" అంది. మంచం మీద దుప్పటి మాత్రం సరిచేసింది.

మావయ్య వచ్చి డబ్బా కింద పెట్టాడు. నేను నిలబడే చెప్పాను. వైర్లు పరిచిన సంగతి నాకు ముందే తెలుసని, చెప్పమని నాకు అప్పగించారని, తెల్లారి చూసి కూడా ఊరుకున్నానని, దృశ్యం బాగుందని ఊరుకున్నానని. చివరిమాట రావడానికి టైము పట్టింది.

చెరువులో చేపలు మేతకి ఎగురుతున్నాయి.

"నువ్వు అక్కడున్నావని నాకు తెలుసురా" అన్నాడు మావయ్య. "కెమెరాకి ఎర్రదీపం వెలుగుతుంటే చూసేను. మావాడు ఉన్నాడు కదా, ఏవన్నా తేడా ఉంటే చెప్తాడులే అనుకుని పోసేను."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మాట్లాడకూడదు కదా అని..." అన్నాను. ఆ వయసులో, ఆ సిగ్గులో కూడా నా నోటినుంచి ఆ సాకే వచ్చింది.

"అది చుక్క చప్పుడు వినబడాలని పెట్టుకున్నదిరా. తప్పు జరుగుతుంటే చూస్తా కూర్చోమని కాదు." ఆయన గొంతు మొదటిసారి గట్టిగా లేచి, వెంటనే తగ్గింది. "ఆ సంచిలో ఏవుంది? ఆరోజు తీసిందేనా?"

"అదే."

"కింద భాగం పడిందా? దిమ్మల దగ్గర?"

పడింది. నేను స్టాండు అంత కిందుగా పెట్టింది అందం కోసం. పొట్ట అడుగు, సందులు, దిమ్మలు అన్నీ అందులో ఉన్నాయి. లాప్‌టాప్ మంచం మీద పెట్టి చూపించాను. మావయ్య నవ్వుల భాగం దాకా పోనివ్వలేదు. బిందెలన్నీ పడ్డాక, కేకకి ముందు, నీళ్లు నిలకడగా ఉన్న ఆ కొద్దిసేపే మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. అరచెయ్యి పంచెకి తుడుచుకుని, వేలితో తెర మీద ఒక్కొక్క సందు వెంట ముక్కునుంచి వెనక దాకా వెళ్లాడు. అత్తయ్య కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"ఇక్కడేదో మెరుస్తోంది."

"అది పెయింటే. చుక్క కాదు."

చివరి సందు దాకా వెళ్లి వేలు తీసి చూసుకున్నాడు, నిజంగా తడి అంటుతుందేమో అన్నట్టు.

"కారలేదు" అన్నాడు.

ఆ సాయంత్రమే గట్టు మీదనుంచి ఆర్ట్ డైరెక్టరుకి ఫోను చేసి నిజం చెప్పాను. అతను, "అప్పుడే చెప్పి ఉండాల్సిందండీ" అన్నాడు. తర్వాత మావయ్యకి ఫోను ఇమ్మన్నాడు. ఏం అన్నాడో నేను వినలేదు. మావయ్య "ఆయ్, పర్లేదండీ, ఆయ్" అంటున్నాడు. గోడౌను ఖాళీ చేయాలిట, సెట్టు పగలగొట్టేస్తారట, కావలసినది తీసుకెళ్లమన్నాడట. డాక్యుమెంటరీలో నేను కత్తిరించిన ఆ రెండు మాటలు మళ్లీ పెట్టి, చివర నా గొంతుతోనే జరిగింది చెప్పాను. దాన్ని ఎక్కువమంది చూడలేదు. మొదటిదాన్ని ఫోన్లలోంచి తీసేయడం నా చేతిలో లేదు.

పొట్ట ముందుభాగాన్ని కోసి, చిన్న ట్రక్కు మీద ఎక్కించి తెచ్చాం. ఏలూరులో రైల్వే గేటు దగ్గర ఆగితే ఒక ఆటో ఆయన తల బయటికి పెట్టి, "ఏవండీ, రాకెట్టాండీ ఇది?" అని అడిగాడు. డ్రైవరు పక్కన కూర్చున్న మావయ్య, "పడవండీ" అన్నాడు.

గోనెసంచి అటక దిగింది. కోసిన వైపు పలకలు మూసి, డ్రిల్ చేసిన నాలుగు రంధ్రాలకి చెక్క మేకులు దిగ్గొట్టి, దూది కూరి, గుగ్గిలం పూశాడు. దానికి కొన్ని వారాలు పట్టింది. పగలు డబ్బా పని అలాగే ఉంది, పొద్దున కాసేపే ఇది. మళ్లీ ఎవరైనా ఆయన చేత పడవ కట్టించుకుంటారో లేదో తెలీదు.

తడి చూసే రోజు నన్ను రమ్మన్నాడు. కెమెరా ఏలూరులో వదిలి వెళ్లాను. అత్తయ్యకి నడుం నొప్పి, బిందెలు నేను మోశాను. వెండి రంగు పొట్ట దిమ్మల మీద ఉంది. పక్కన ఇంకా సైన్యం గుర్తు కనిపిస్తోంది. మావయ్య పోస్తున్నాడు. ఎవరం మాట్లాడలేదు. ఏడో బిందె అందించి వంగి చూస్తే, మూడో మేకు చుట్టూ చెక్క నల్లబడింది. చూస్తుండగానే అక్కడ ఒక చుక్క ఊరింది.

నేను తలెత్తాను.

"మావయ్యా, ఆగండి. ఇక్కడ కారుతోంది."

"ఒరేయ్, నోరు మూసుకోమని చెప్పలేదూ?" అంది అత్తయ్య, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి.

"చెప్పనియ్యవే వాణ్ణి" అని మావయ్య బిందె కింద పెట్టి, దిగి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఆ మేకు మీద పెట్టించాడు.

"ఎంత తడి ఉందో చూడు. సరిగ్గా చూసి చెప్పు."